భీముడి ఆకలి

తెల్లవారి ఐదున్నరకి కంపెనీ బస్సు భర్త రమణబాబుని ఎక్కించుకుని వెళ్ళిపోయాక, చిట్టితల్లి గేటుకి గొళ్ళెం పెట్టి లోపలికి వచ్చింది. రోజూ ఆ గొళ్ళెం పడిన చప్పుడుతోనే ఆమె పని మొదలవుతుంది. ముందు మామగారికి పక్కబట్టలు మార్చాలి, ఒళ్ళు తుడవాలి, నోరు కడిగించాలి, రాగిజావ చెంచాతో పట్టాలి. తొందరపడితే పొలమారుతుంది కాబట్టి ఒక్కో చెంచాకీ మధ్య ఆగాలి. అదంతా అయ్యేసరికి ఏడు దాటుతుంది. అప్పటిదాకా వెనక వసారాలో మామగారి కుక్క భీముడు తలుపు గీరుతూనే ఉంటాడు.

ఆ రోజూ అలాగే గీరాడు. చిట్టితల్లి గిన్నెడు అన్నంలో మూడు ఉడికిన గుడ్లు చిదిమి, నిన్నటి కోడి ముక్కలు కలిపి తీసుకెళ్ళింది. గిన్నె నేలకి ఆనకముందే వాడి మూతి అందులో ఉంది. రెండు నిమిషాల్లో అంతా ఊడ్చేసి, గిన్నెని నాకుతూ గోడ దాకా తోసుకుపోయాడు. తరవాత తలెత్తి ఆమె వంక చూశాడు, ఇంకా ఏదీ అన్నట్టు.

"అయిపోయిందిరా. మద్దినం పెడతాను" అందామె.

గంట తిరక్కుండానే పెరట్లో ఒక మూల కూచున్నాడు. తిన్నదంతా పసుపుపచ్చగా, నూనె కారుతూ, పేడకుప్పంత బయటికొచ్చేసింది. ఆ కంపు ఇల్లంతా కమ్మేసింది. చిట్టితల్లి ముక్కుకి కొంగు కట్టుకుని బకెట్టుతో నీళ్ళు కొట్టి కడిగింది. రోజుకి ఐదారుసార్లు ఇదే. కడిగి వచ్చేసరికి వాడు జామచెట్టు మొదట్లో మట్టి నాకుతున్నాడు. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నడుము దగ్గర రెండు ఎముకలు చర్మాన్ని పొడుచుకొస్తున్నాయి.

గోడ అవతల నుంచి బాలాంబగారు తల పైకెత్తారు. పక్కింటావిడ, డెబ్భై దాటిన మనిషి.

"ఏమ్మా చిట్టితల్లీ, దానికేమైనా పడేస్తున్నావా? చూడలేకపోతున్నాం."

"ఇప్పుడే పెట్టాను మామ్మగారూ. గిన్నెడు తిన్నాడు."

"తింటే అలా ఉంటుందా? దిష్టన్నా అయ్యుండాలి, బెంగన్నా అయ్యుండాలి. మీ మామగారు మంచాన పడ్డ దగ్గర్నుంచీ కదా ఇలా అయిపోయింది!"

చిట్టితల్లి జవాబు చెప్పేలోగా లోపల గ్లాసు చప్పుడైంది. మామగారు మన్మథరావుగారు మంచం పట్టీ మీద స్టీలు గ్లాసుతో కొడితే ఏదో కావాలని అర్థం. మంచినీళ్ళో, పక్కకి తిప్పడమో, కిటికీ తియ్యడమో వెళ్ళి కనిపెట్టాలి. ఆ చప్పుడు లేనప్పుడు కూడా ఈ మధ్య ఆమె చెవుల్లో వినిపిస్తోంది.

మన్మథరావుగారు చెరకు ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. కోటవురట్ల, ఏటికొప్పాక వైపు తోటల గట్లన్నీ మోపెడ్ మీద తిరిగిన మనిషి. భార్య పోయాక ఇంట్లో తోచక, ఉద్యోగం లేకపోయినా ఆ తోటలకి వెళ్ళొచ్చేవారు. ఆల్సేషన్ పోలికున్న ఈ కుక్కని పిల్లగా తెచ్చుకున్నదీ, మొదటిరోజే గిన్నెడు పెరుగన్నం ఖాళీ చేసిందని భీముడని పేరు పెట్టుకున్నదీ ఆయనే. మోపెడ్ ముందు, వెనకాల వాడు. చెరకు రైతులకి ఆయన కనిపించకముందే వాడి అరుపు వినిపించేది.

ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది: "సెప్పు." నీళ్ళు కావాలన్నా, నొప్పెట్టినా, కోపం వచ్చినా అదే మాట. ఎవరు ఏం చెప్పాలో ఎవరికీ తెలియదు.

ఆ ఎనిమిది నెలల్లో చిట్టితల్లి గేటు దాటి అరగంట మించి ఎక్కడికీ వెళ్ళలేదు. ఒకసారి కూరలకి వెళ్ళొచ్చేలోగా ఆయన మంచం మీంచి జారిపడ్డారు. అప్పటినుంచి కూరలు కూడా గేటు దగ్గరే. కూతురు చిన్మయి రెసిడెన్షియల్ స్కూల్లో ఉంది, సెలవులకే వస్తుంది. పన్నెండు కిలోమీటర్ల దూరంలో గొలుగొండలో ఉన్న తల్లికి కంటి ఆపరేషన్ అయితే చిట్టితల్లి ఫోన్లోనే పలకరించింది. తల్లి నిష్ఠూరమాడలేదు. "పర్లేదులే అమ్మా, కట్టు ఇప్పీసినారు, అన్నీ అవుపిస్తన్నాయి" అంది. చూసి వస్తానని చిట్టితల్లి అనలేకపోయింది.

భీముణ్ణి మాత్రం రెండు వీధుల అవతలున్న పశువుల డాక్టరు అనంతకృష్ణ దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్ళింది, బాలాంబగారిని కాసేపు మామగారి దగ్గర కూచోమని బతిమాలి. ఆయన కడుపులో పురుగులకి మందిచ్చాడు. పిడుదు జ్వరమేమోనని రక్తం చూశాడు, అదీ లేదన్నాడు. టానిక్కులిచ్చాడు. మూడోసారి తూకం వేసి, పాత చీటీతో పోల్చి చూశాడు.

"కిందటి ఉగాదికి ముప్ఫై ఒక్క కిలోలమ్మా. ఇప్పుడు పద్దెనిమిది. ఇది లోపల ఎక్కడో ఉన్న జబ్బు. ఆ పరీక్షలు నా దగ్గర లేవు. ఉత్తరం రాసిస్తాను, విశాఖపట్నం తీసుకెళ్ళండి. ఆలస్యం చెయ్యకండి."

ఆ ఉత్తరం మూడు వారాలుగా దేవుడి పటం వెనక ఉంది.

ఆ సాయంత్రం రమణబాబు వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చిట్టితల్లి మళ్ళీ ఆ మాట ఎత్తింది.

"ఒక్కరోజు సెలవు పెట్టండి. భీముణ్ణి తీసుకెళ్దురు గాని."

"ఈ నెల్లో అప్పుడే రెండు పెట్టీసినాను చిట్టీ. కుక్కకి బాగోలేదని సెలవడిగితే సూపర్‌వైజర్ నవ్వుతాడు."

"పోనీ నేనెల్తాను. మీరుండండి మావయ్య దగ్గర."

"నేనొక్కడినీ నాన్నకి ఎలగ సెయ్యగలను? నా వల్ల అవుతాదేటి?"

చిట్టితల్లి తువ్వాలు అందిస్తూ అతని ముఖం చూసింది. తానేమన్నాడో అతనికి వినిపించినట్టే లేదు. ముఖం తుడుచుకుని టీవీ ముందు కూచున్నాడు. వసారాలో భీముడు తలుపు గీరడం మొదలుపెట్టాడు.

* * *

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి గేటు ముందు ఆటో ఆగింది. దిగింది పుష్పవతి, రమణబాబు అక్క. తునిలో ఉంటుంది. వస్తున్నట్టు ఫోన్ కూడా చెయ్యలేదు. గేటు తీసిన చిట్టితల్లిని పలకరించబోయి, పక్కనే గోడ మూల మట్టి నాకుతున్న భీముణ్ణి చూసి ఆగిపోయింది. చేతిలోని సంచీ కిందపెట్టేసింది.

"ఏటిది చిట్టీ? ఇది భీముడేనా?"

వాడు తోకాడిస్తూ వచ్చి ఆమె సంచీలో మూతి దూర్చాడు. కాగితం పొట్లంతో సహా కాజాలు నమిలేశాడు.

"జబ్బు సేసింది వదినా. డాక్టరు..."

"జబ్బా? జబ్బు సేసిన కుక్క ఇలగ ఎగబడి తింతాదేటి? కడుపు నిండినోడు మట్టి తింతాడేటి?"

గబగబా లోపలికి వెళ్ళి తండ్రి మంచం పక్కన కూచుంది. ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, భుజం తడిమి, దుప్పటి తీసి కాళ్ళు చూసింది. కండ కరిగిపోయి వేలాడుతున్న కాళ్ళు. పుష్పవతి కళ్ళు తుడుచుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"నాన్న కూడా సగమైపోనాడు. నీ కళ్ళకి అవుపించడం లేదేట్రా?"

"అప్పా, ముందు కాఫీ తాగు. తరవాత మాట్లాడుకుందాం."

"కాఫీ తాగడానికి రాలేదురా నేను. మీ వీధిలో అందరూ అనుకుంటన్న మాట నా దాకా వొచ్చింది. ఆ ఇంట్లో కుక్క ఆకలికి సచ్చిపోతంది అంటన్నారు. నోరున్న కుక్కే గీరి గీరి అడుగుతంది. నోరు లేని నాన్న ఏటడుగుతాడు?" అని చిట్టితల్లి వైపు తిరిగింది. "కుక్కకే కూడెట్టని సెయ్యి మా నాన్నకి పెడతాదని ఎలగ నమ్మమంతావు?"

చిట్టితల్లికి కోపం రాలేదు. గోడకి ఆనుకుని భర్త వైపు చూసింది. ఆయనకి తెలుసు కదా, ఆయన చెప్తాడు అనుకుంది. రమణబాబు నేల చూపులు చూస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"చిట్టీ, నేను పొద్దున్న పోతే మళ్ళీ సీకటి పడ్డాకే వొస్తాను. నాకు తెల్దు కాబట్టి అడుగుతన్నాను. నువ్వు నిజంగా రెండు పూటలా పెడతన్నావు కదా?"

పదిహేనేళ్ళ కాపురంలో ఆ మనిషి ఆమెని ఒక్కసారి కూడా కొట్టలేదు, తిట్టలేదు. ఈ ఒక్క మాట అవన్నీ చేసింది.

మంచం పట్టీ మీద గ్లాసు గట్టిగా మోగింది. మన్మథరావుగారు చూస్తున్నది కూతురివైపు కాదు, కొడుకువైపు కాదు, కోడలివైపు. మెడ నరాలు పొంగి ఉన్నాయి.

"సెప్పు" అన్నారాయన. "సెప్పు!"

"సెప్తాను మావయ్యా" అంది చిట్టితల్లి. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "తీసుకెళ్ళిపోండి వదినా. మావయ్యని ఇయాలే తుని తీసుకెళ్ళిపోండి. కుక్కని కూడా."

పుష్పవతి తెల్లబోయింది. అనడం తేలికే గాని, రెండు గదుల వాటాలో, అత్తగారితో సహా ఐదుగురున్న ఇంట్లో ఆయన్ని ఎక్కడ పడుకోబెడుతుందో ఆమె ఆలోచించి రాలేదు. చిట్టితల్లికి మాత్రం, ఆ మాట నోటంట రాగానే, చాన్నాళ్ళుగా మూసి ఉన్న కిటికీ తీసినంత హాయి అనిపించింది. రేపు పొద్దున్న గొళ్ళెం పెట్టక్కర్లేదు. గొలుగొండ బస్సెక్కొచ్చు. ఆ హాయి ఎంతోసేపు లేదు. మంచం మీద ముసలాయన కళ్ళు మూసుకున్నారు, కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. ఆయన విన్నారు. మాటే పోయింది గాని, వినికిడి పోలేదు.

ఆమె కొంగుతో ఆయన కళ్ళు తుడిచి, పుష్పవతి వైపు తిరిగింది.

"లేదు, తీసుకెళ్ళొద్దు. మీరే ఇక్కడుండండి. ఇయాలా, రేపూ. మావయ్యకీ భీముడికీ మీ సేత్తోనే పెట్టండి. ఎంత కావాలంటే అంత పెట్టండి. నేను ఏటీ ముట్టుకోను. రేపు వాణ్ణి విశాఖపట్నం తీసుకెల్తాను. ఏ జబ్బో తెలుసుకుని వొస్తాను. అప్పటికీ నా సెయ్యే తప్పని మీకనిపిస్తే, మీరేటి సేసినా నోరెత్తను."

"ఉంటాను" అంది పుష్పవతి పౌరుషంగా. "మా నాన్నకి సెయ్యడానికి నాకేటి కష్టం?"

* * *

సోమవారం తెల్లవారుతుండగా ధర్మారావు ట్రాలీ ఆటో గేటు ముందుకొచ్చింది. అతను జీడిపప్పు బస్తాలు విశాఖపట్నం చేరవేస్తుంటాడు. ముందు సీటులో చోటిస్తానన్నాడు. చిట్టితల్లి గుడ్డ పరిచి, భీముణ్ణి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఒకప్పుడు ఇద్దరు పట్టుకుంటే గాని లేవని కుక్క. ఆమె ఒక్కర్తే ఎత్తగలిగింది, దాంతోనే ఆమెకి ఏడుపొచ్చింది.

ఆటో నర్సీపట్నం దాటింది. రెండు పక్కలా చెరకు, మధ్యలో కొత్తగా నాట్లేసిన మళ్ళు. ఎనిమిది నెలల తరవాత గాలి ముఖానికి కొడుతుంటే ఆమె కళ్ళు చికిలించింది. అనకాపల్లి దాటేవరకూ చెవుల్లో గ్లాసు మోగుతూనే ఉంది.

విశాఖపట్నంలో అనంతకృష్ణ ఉత్తరం రాసింది లక్ష్మీసాహితి అనే డాక్టరుకి. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఉత్తరం చదివి, భీముణ్ణి బల్ల మీద నిలబెట్టి, పొట్ట నొక్కి చూస్తూ అడగడం మొదలుపెట్టింది.

"ఎంత తింటాడు?"

"పూటకి గిన్నెడండి. మూడు గుడ్లు, కోడి ముక్కలు. మద్దినం పెరుగన్నం. ఎంత పెట్టినా సాలదు."

"విరేచనం?"

చిట్టితల్లి ఒక క్షణం సిగ్గుపడింది. తరవాత చెప్పింది. రంగు, వాసన, జిడ్డు, ఎంతసేపటికి వస్తుంది, రోజుకి ఎన్నిసార్లు. కోడి కొవ్వు ఎక్కువైన రోజు మరీ నూనెలా ఉంటుందని చెప్పింది. మట్టి ఎప్పటినుంచి తింటున్నాడో, ఒక్కోసారి తన మలమే తాను తినబోతే ఎలా అదిలిస్తుందో కూడా చెప్పింది. డాక్టరు రాసుకోవడం ఆపి ఆమె వంక చూసింది.

"ఇంత వివరంగా ఎవరూ చెప్పరమ్మా. సగం రోగం మీరే పట్టేశారు."

స్కాన్ తీశారు, రక్తం తీశారు. రెండు గంటల తరవాత లక్ష్మీసాహితి ఆమెని కూచోబెట్టి చెప్పింది.

"మనం తిన్న అన్నం అరగాలంటే క్లోమం అనే గ్రంథిలోంచి రసాలు ఊరాలి. వీడికి ఆ రసాలు ఊరడం లేదనిపిస్తోంది. అందుకే ఎంత తిన్నా ఒంటికి పట్టకుండా తిన్నది తిన్నట్టే పోతోంది. ఈ జాతి కుక్కల్లో ఈ జబ్బు కనిపిస్తుంటుంది. ఖాయం చెయ్యడానికి రక్తం బయట ల్యాబ్‌కి పంపిస్తున్నాను, పదిరోజులు పడుతుంది. ఈలోగా ఆ రసాల పనిచేసే పొడి ఇస్తాను. తిండిలో కలిపి అరగంట నాననిచ్చి పెట్టాలి. బతికినన్నాళ్ళూ వాడాలి."

"బతుకుతాడా అండి?"

"పొడి పడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. ఇన్నాళ్ళూ వీడు కడుపు నిండా తిని పస్తులున్నాడమ్మా. మీరు అంత పెట్టబట్టే ఈ మాత్రం మిగిలాడు."

చిట్టితల్లి తల వంచుకుని భీముడి చెవులు సవరిస్తూ మెల్లగా అడిగింది.

"డాక్టరుగారూ, ఒక కాగితం మీద రాసిస్తారా?"

"మందుల చీటీ ఇస్తాను కదా."

"మందులు కాదండి. నేను... పెట్టానని."

డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది. తెల్లకాగితం తీసుకుని, అందరూ చదవగలిగేలా తెలుగులో గుండ్రంగా రాసింది: ఈ కుక్క చిక్కిపోవడం తిండి పెట్టకపోవడం వల్ల కాదు, అరుగుదల లోపం వల్ల. ఇంటివారు సరిపడా ఆహారం పెట్టారు. కింద సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చింది. చిట్టితల్లి దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు. బల్ల మీద తల వాల్చి, చుట్టూ మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చింది. భీముడు ఆమె చెయ్యి నాకాడు, ఏమైనా దొరుకుతుందేమోనని.

తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. నర్సీపట్నంలోకి వస్తూ, గొలుగొండ వైపు రోడ్డు చీలే చోట ధర్మారావు టీ తాగడానికి బండి ఆపాడు. గొలుగొండ బస్సు జనాన్ని ఎక్కించుకుంటోంది. చిట్టితల్లి దానివైపే చూస్తూ ఉంది. పన్నెండు కిలోమీటర్లు. తలుపు కొడితే అమ్మ తీస్తుంది. ఎవరూ ఏమీ అడగరు. కుక్క ఒళ్ళో ఉంది, మందు సంచీలో ఉంది, ఇంట్లో ఆయన కూతురు ఉండనే ఉంది.

ధర్మారావు వచ్చి సీటులో కూచున్నాడు. "ఇంటికేనా అమ్మా?"

బస్సు హారన్ కొట్టి కదిలింది. అది మలుపు తిరిగేదాకా ఆమె చూసింది.

"ఇంటికే" అంది.

* * *

గేటు తీసి వెళ్ళేసరికి పుష్పవతి పెరట్లో కుళాయి దగ్గర దుప్పటి ఉతుకుతోంది. జుట్టుముడి ఊడిపోయి ఉంది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. చిట్టితల్లిని చూసి లేవబోయి, లేవలేక అక్కడే కూచుంది.

"ఎన్నో దుప్పటి వదినా?"

"నాలుగోది" అంది పుష్పవతి. చేతిలోని సబ్బు చూసుకుంటూ చెప్పసాగింది. "నిన్న మద్దినం నుంచి రాత్రి దాకా మూడుసార్లు పెట్టినాను భీముడికి. మూడుసార్లూ ఊడ్సీసినాడు. ఆరుసార్లు కడిగినాను పెరడు. నేను పెట్టిందే, అలగే పోయింది. ఇయాల నాన్న గ్లాసు కొడతంటే మంచినీల్లిచ్చినాను. మల్లీ కొట్టినాడు, ఫ్యానేసినాను. మల్లీ కొట్టినాడు. ఏటి నాన్నా, ఏటి కావాలీ అని అరిసినాను. ఆలోగా పక్క తడిసిపోయింది. ఏడ్సినాడు చిట్టీ. సిగ్గుతో మొకం గోడవైపు తిప్పీసుకుని ఏడ్సినాడు. మా అమ్మ పోయినప్పుడు కూడా నాన్న ఏడవడం సూళ్ళేదు నేను."

చిట్టితల్లి జాకెట్లోంచి కాగితం తీసింది. "డాక్టరుగారు రాసిచ్చారు. వాడికి అరుగుదల లేదట. ఇదిగో, సూడండి."

"ఇందులో ఏటుంది?"

"నేను పెట్టానని."

పుష్పవతి కాగితం వంక చూసింది, అందుకోలేదు.

"పెట్టినావని కాగితం రాయించుకుని వొచ్చినావా?" అని తడిచేతులతోనే ముఖం కప్పుకుంది. "ఎనిమిది నెల్ల పాటు మా నాన్న ఒల్లు కడిగినావు. ఒంటి మీద ఒక్క పుండు లేదు, ఇయాలే సూసినాను. ఆ ఒంటినైనా సూడకుండా, కుక్కని సూసి మాటన్నాను. ఏ పండక్కో వొచ్చి నాలుగు కాజాలెట్టి ఎల్లిపోయినదాన్ని, నువ్వెలా ఉన్నావని ఒక్కసారి అడగలేదు. ఇంట్లోనే ఉంటాది కదా, కూకునే ఉంటాది కదా అనుకున్నాను. ఒక్క రోజున్నర... నాకు పిచ్చెక్కినట్టయింది. గేటు తీసుకుని పారిపోదామనిపించింది చిట్టీ, కన్నతండ్రిని వొదిలేసి!"

చిట్టితల్లి పక్కన కూచుంది. ఇంకొకరి నోట ఆ మాట విన్నాక, ఎనిమిది నెలలుగా గుండెలో గడ్డకట్టినదేదో కరిగింది.

"నాకూ అనిపిస్తాది వదినా" అంది. "రోజూ అనిపిస్తాది."

ఇద్దరూ దుప్పటి చెరో కొసా పట్టుకుని పిండి ఆరేశారు. తరవాత చిట్టితల్లి మామగారి గదిలోకి వెళ్ళింది.

"మావయ్యా, భీముడికి మందు దొరికింది" అంది. కాసేపాగి మళ్ళీ అంది. "నిన్న తీసుకెళ్ళిపొమ్మన్నాను. అది నోరు జారిన మాట కాదు. అలసిపోయి అన్నాను. మీ ఎదట అనకూడదు."

మన్మథరావుగారు ఆమెని చాలాసేపు చూశారు. ఎడమచేత్తో మంచం మీద పక్కన తట్టారు. ఆమెకి అర్థంకాలేదు. మళ్ళీ తట్టారు. కూచోమంటున్నారు. ఎనిమిది నెలల్లో ఆ గదిలో చేతుల్లో ఏ పనీ లేకుండా ఆమె కూచున్నది అదే మొదటిసారి.

ఆ రాత్రి రమణబాబు రాగానే అక్క అతనికి అంతా చెప్పేసింది. అతను వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చిట్టితల్లి భీముడి అన్నంలో పొడి కలుపుతోంది.

"నేను అలగ అడగకుండా ఉండాల్సింది చిట్టీ."

"వదిన అంటే బాధ లేదు" అందామె తలెత్తకుండా. "ఆవిడ తునిలో ఉంటాది. మీరీ ఇంట్లోనే ఉంటారు. మీకు తెల్దా?"

"తెల్సు. తెల్సుననుకుంటే నేను కూడా సెయ్యాలి కదా. అందుకే తెల్దనుకున్నాను."

అంత నిజం అతను చెప్తాడని ఆమె అనుకోలేదు. క్షమించాననలేదు. గిన్నె అతని చేతికిచ్చింది. "అరగంట నానాలి. అప్పుడు మీరే పెట్టండి" అంది.

అరగంట సేపు భీముడు ఇల్లు ఎగరగొట్టేశాడు. నాలుగో రోజు పొద్దున్న కంపెనీ బస్సు రాకముందే చిట్టితల్లి పెరట్లోకి వెళ్ళి, కేకేసి మొగుణ్ణి పిలిచింది. భీముడికి మొదటిసారి గట్టిగా, ముదురురంగులో అయింది. మొగుడూ పెళ్ళాలు దాని దగ్గర నిలబడి పండగొచ్చినట్టు నవ్వుకున్నారు. గోడ మీంచి చూస్తున్న బాలాంబగారికి వీళ్ళకేమైందో అర్థంకాలేదు. పన్నెండో రోజున ల్యాబ్ రిపోర్టు వచ్చింది. లక్ష్మీసాహితి అనుకున్న జబ్బే.

రమణబాబు కంపెనీలో బతిమాలుకుని నెలలో రెండు శనివారాలు కూడా సెలవు పడేలా షిఫ్టు మార్పించుకున్నాడు. ఆ రోజుల్లో పుష్పవతి తునినుంచి వస్తానంది. మొదటి శనివారం పొద్దున్న చిట్టితల్లి గొలుగొండ బస్సెక్కింది. గేటు గొళ్ళెం వేసింది రమణబాబే.

మధ్యాహ్నం తల్లి వసారాలో ఆకేసి కూచోబెట్టింది. కళ్ళజోడు సవరించుకుంటూ, కూతురి ముఖం దగ్గరగా చూస్తూ వడ్డిస్తోంది. ఒక్కో ముద్దా నెమ్మదిగా తినొచ్చునన్న సంగతే చిట్టితల్లి మరిచిపోయింది. సగంలో ఉండగా ఫోన్ మోగింది. ఎడమచేత్తో గబుక్కున అందుకుంది.

"ఏటయింది? మావయ్య బాగున్నారా?"

"బాగున్నారు. జావ తాగి పడుకున్నారు. నాన్న మంచం పక్కనే భీముణ్ణి కూకోబెట్టినాను, ఎడంసేత్తో నిమిరినారు" అన్నాడు రమణబాబు. "తూకం ఏయించినాను చిట్టీ. ఇరవై ఒక్క కిలో."

"మందు అయిపోలేదు కదా? వదిన కొలతలు సరిగ్గా ఏస్తంది కదా?"

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దానికి సెయ్యలేదు ఫోను."

"మరెందుకు?"

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఏటీ లేదు. నువ్వు తిన్నావేటి?"

ఆకు ముందు కూచున్న చిట్టితల్లికి, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా, కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. తల్లి కంగారుపడి గరిటె కింద పెట్టేసింది.

"చిట్టీ? ఉన్నావా?"

"ఉన్నాను" అంది చివరికి. "తింతన్నానండి."